నేను విన్నానని చెప్పిన చప్పుడు

ఎండాకాలంలో కారు అద్దాలన్నీ దించుకుని, మెడకు తడి తువ్వాలు చుట్టుకుని బండి నడిపే డ్రైవర్లను చూసిన ఆఖరి తరం మాదేనేమో. గచ్చిబౌలి దిక్కు ఐటీ కంపెనీల అద్దాల మేడలు ఒక్కొక్కటే లేచిన కొద్దీ మా చేవెళ్ల రోడ్డు మీద కార్ల అద్దాలు కూడా ఒక్కొక్కటే పైకెక్కాయి. అంతకుముందు ఏసీ కారంటే ఓట్లప్పుడు వచ్చే నాయకుడిది, లేదంటే ఊళ్ళో పెద్ద భూములున్న పటేలుది. ఆ రోజుల్లో మాత్రం రోడ్డు పక్క రెండెకరాలు అమ్ముకున్నవాడూ కొన్నాడు, కంపెనీలకు క్యాబ్ తిప్పే పిల్లగాడూ కొన్నాడు. శనివారం వచ్చిందంటే జన్వాడ ఫాంహౌసులకు పోయే కార్లు బారులు తీరేవి, అన్నీ అద్దాలు మూసుకునే. ఏసీ అన్నాక చెడిపోకుండా ఉంటుందా? అందుకే మొయినాబాద్‌లో మా కాకకు చేతినిండా పని ఉండేది. ఆయన పుణ్యాన నాకూ ఒక ఉద్యోగం ఉండేది.

కాక అంటే మా బాపుకు తమ్ముడు. అప్పటికి నాకు పందొమ్మిదేళ్లు. ఇంటర్‌లో రెండు సబ్జెక్టులు నన్ను వదిలేస్తే, మిగిలినవాటిని నేను వదిలేశాను. చేవెళ్ల అవతల మా ఊళ్ళో అవ్వతో, అంటే మా అమ్మతో, పాటు పొద్దున్నే బంతిపూలు తెంపడం తప్పించుకోవడానికి కాక షాపులో చేరాను. (అవ్వ అంటుండేది, "దీనికి చేతులు ఆడయి, నోరే ఆడుతది. షాపుల కూసోవెట్టున్రి, జర గిరాకీలతోని మాట్లాడుతది" అని. అవ్వ లెక్క తప్పలేదు.) షాపంటే ఒక షటర్ గది, ముందర రేకుల షెడ్డు. నేను ఫోన్లెత్తాలి, కాకకు టార్చిలైట్ పట్టాలి, గిరాకీ వాళ్లకు చాయ్ తెప్పించాలి. వీటన్నిటికన్నా పెద్ద పని ఇంకోటుంది. కారులో డ్రైవర్ సీట్లో కూచుని, కాక "వెయ్!" అన్నప్పుడు ఏసీ స్విచ్ వెయ్యాలి, "తీయ్!" అన్నప్పుడు తీసెయ్యాలి. మా అవ్వకు మాత్రం నేను ‘కార్ల ఏసీలు రిపేరు చేస్తున్న’ అని చెప్పుకున్నాను. అవ్వ ఊరంతా చెప్పుకుంది.

ఆ వెయ్, తీయ్ వెనకున్న సంగతి చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. కారు ఏసీలో కంప్రెసర్ అని ఒకటుంటుంది. అది గ్యాసును పీల్చి, పిండి, ముందుకు తోస్తుంది. మన గుండె చేసే పని లాంటిదే. ఇంజన్ తిరిగితే బెల్టు తిరుగుతుంది, బెల్టుతో పాటు కంప్రెసర్ మొహం మీదున్న చక్రం తిరుగుతుంది. కానీ ఆ చక్రం ఊరికే తిరిగితే గ్యాసు కదలదు. స్విచ్ వెయ్యగానే ముందరున్న ప్లేటు అయస్కాంతానికి అతుక్కున్నట్టు వచ్చి చక్రాన్ని పట్టుకోవాలి. అప్పుడే లోపలి పిస్టన్లు ఆడతాయి. అట్లా పట్టుకునేదాన్నే క్లచ్ అంటారు. పట్టుకున్నప్పుడు ‘టక్’ మంటుంది. కారు లోపల చాలినంత చల్లబడ్డాక వదిలేస్తుంది, వేడెక్కితే మళ్ళీ పట్టుకుంటుంది. పట్టుకున్నప్పుడల్లా బండి ఒక్క క్షణం వెనక్కి గుంజినట్టవుతుంది. మా కాక విద్యంతా ఆ చప్పుడులోనే ఉంది. బానెట్ ఎత్తి, కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వంచి వినేవాడు. చప్పుడు వెంటవెంటనే వస్తే గ్యాసు తక్కువైందనేవాడు, బరువుగా వస్తే క్లచ్ అరిగిందనేవాడు. అసలు రాకపోతే మాత్రం కంప్రెసర్ జోలికే పోయేవాడు కాదు, ముందు వైర్లు పట్టుకుని వెతికేవాడు. షాబాద్ నుంచి మొయినాబాద్ దాకా ఆయన పేరు ఎవరికీ తెలియదు, ‘చెవి ఉస్తాద్’ అంటేనే తెలుస్తుంది.

అసలు కష్టమేమిటంటే ఆ ఏడు కాక చెవులు పోతున్నాయి. ఆ సంగతి అందరికీ తెలుసు, కాకకు తప్ప. లేదా కాకకు తెలుసేమో, మాకు తెలుసని ఆయనకు తెలియదు. ఒకరోజు ఆయన జేబులోనే ఫోను మోగుతుంటే షెడ్డులో ఉన్నవాళ్ళందరం ఆయన వైపు చూశాం. ఆయనేమో మేమంతా దేన్ని చూస్తున్నామా అని వెనక్కి తిరిగి గోడ చూశాడు. ఇంకోరోజు ఒకాయన "ఎంతసేపైతది ఉస్తాద్?" అని అడిగితే, "పెట్రోలే. డీజిల్ బండి గాదు" అన్నాడు. ఆ కారాయనదే, పాపం, ఆయనకు తెలియదా అది పెట్రోలని? మేం నవ్వుకున్నాం. నవ్వు అయిపోయాక ఏదోలా ఉండేది.

కాక కొడుకు, అంటే నాకు అన్న, చందనవెల్లిలో ఒక ఫ్యాక్టరీలో చేస్తాడు. అన్నం దగ్గర కూచున్నప్పుడల్లా వాళ్ళిద్దరికీ ఒకటే పంచాయితీ. "బాపు, ఇగ చాలు. ఇంట్ల కూసో. షాపు ఎవలకన్న కిరాయికిద్దాం" అని అన్న. "నాకేమైందిరా? కాళ్ళు లెవ్వా, చేతులు లెవ్వా?" అని కాక. ఒకరోజు అన్న నోరు జారి, "కాళ్ళు చేతులు కాదు బాపు..." అని ఆగిపోయాడు. కాక కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. "నా చెవి పని చెయ్యని దినం నేనే షటర్ గుంజుత. నాకు ఎవ్వడు చెప్పొద్దు" అని లేచిపోయాడు. చిన్నమ్మ నా వైపు చూసింది, నేను చారు వైపు చూశాను. షాపు లేకపోతే కాక ఏం చేస్తాడో మాలో ఎవరికీ ఊహకు రాలేదు. ఆదివారం షాపు బంద్ పెడితేనే ఆయన ఇంట్లో ఫ్యాన్ విప్పి కూచునేవాడు, చెడిపోకపోయినా సరే.

అట్లాంటి రోజుల్లో, ఏప్రిల్ నడుమ, మా పాత గిరాకీ ఒకాయన, షాబాద్ నుంచి వస్తాడని మేం షాబాద్ అన్న అనేవాళ్ళం, కారు తెచ్చాడు. షాబాద్ అన్న ఒక ఐటీ కంపెనీకి క్యాబ్ తిప్పుతాడు. కొత్త బండి, తీసుకుని ఏడాది కూడా కాలేదు. దాని ఏసీ గురించి మాకు చానాసార్లు గొప్పలు చెప్పాడు: "మీరు చూసిన కార్ల లెక్క గుంజుడు లేదు ఉస్తాద్. వంతెన ఎక్కినా ఏసీ ఉన్నట్టే తెల్వది." అది విన్నప్పుడే మాకు అనుమానం రావాలి. రాలేదు. కొత్త బండి కదా, మెత్తగా ఉంటుందిలే అనుకున్నాం. ఆ రోజు మాత్రం షాబాద్ అన్న చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. "బండెక్కిన మేడం ఒకామె ఇయ్యాల కంపిలేంట్ పెడ్తనన్నది ఉస్తాద్. వేడి గాలి గొడుతున్నది. షోరూమోళ్ళు నాలుగొద్దులు అంటున్నరు, జర జల్ది చూడు" అన్నాడు.

కాక బానెట్ ఎత్తాడు. ఆ బండిలో కంప్రెసర్ ఎక్కడో అడుగున, చీకట్లో ఉంది. పైనుంచి చూస్తే బెల్టు అంచు తప్ప ఏమీ కనబడదు. ఫర్వాలేదు, కాకకు కనబడనక్కరలేదు కదా. నేను సీట్లో కూచున్నాను. ఇంజన్ నడుస్తోంది, బ్లోయర్ గాలి నా మొహాన హోరున కొడుతోంది, అద్దాలు మూసి ఉన్నాయి. (ఇది గుర్తుపెట్టుకోండి. అన్ని రోజులు స్విచ్చులు వేశాను గాని ఆ సీట్లో కూచుని నేను ఆ చప్పుడు ఒక్కసారి కూడా వినలేదు. ఆ హోరులో వినబడదు.) "వెయ్!" వేశాను. కాక తల వంచుకునే ఉన్నాడు. "తీయ్! మళ్ళ వెయ్!" మళ్ళీ వేశాను. కాక తల ఇంకో పక్కకు తిప్పి, ఇంకో చెవి పెట్టాడు. ఏడెనిమిదిసార్లు వేయించాడు. ఎత్తిన బానెట్ కింది సందులోంచి ఆయన మొహం చూస్తున్నాను. మొదట చిరాకు పడ్డాడు, తర్వాత అనుమానపడ్డాడు, ఆ తర్వాత భయపడ్డాడు. నలభై ఏళ్లు బండ్ల కింద పనిచేసిన మనిషి మొహంలో అట్లాంటి భయం నేను అంతకుముందు చూడలేదు. జాతరలో చెయ్యి వదిలేసిన పిల్లగాడిలా ఉన్నాడు.

షాబాద్ అన్న ఫోన్ మాట్లాడుతూ రోడ్డు మీదకు పోయాడు. కాక నా కిటికీ దగ్గరకొచ్చి, అద్దం దింపించి, చుట్టూ చూసి, మెల్లగా అడిగాడు.

"బిడ్డా, టక్కన్నదా?"

ఆ రెండు మాటలు అడగడానికి ఆయన ఎంత కిందికి దిగొచ్చాడో నాకు తెలుసు. లేదని చెప్తే పోయేదేముంది? ‘నాకూ వినబడలే కాకా, ఈడ ఎన్నడూ వినబడది’ అంటే అయిపోయేది. కానీ నాకు ఆ క్షణంలో ఫోను మోగుతుంటే గోడ చూసిన కాకే గుర్తొచ్చాడు. చప్పుడు వచ్చే ఉంటుంది, ఈయనకే వినబడలేదు, ఇక షటర్ గుంజుతాడు అనుకున్నాను. నా లోపల సగం జాలి. మిగతా సగం, చెప్పడానికి సిగ్గే గాని, బంతిపూల తోట. షటర్ దిగితే నేను మళ్ళీ అవ్వ పక్కన వంగి పూలు తెంపాలి.

"అన్నది కాకా" అన్నాను.

ఆయన మొహం ఒక్కసారిగా తేలికపడింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండు. కాక అడిగాడు, "గట్టిగనా, మెత్తగనా?" నోరున్నది ఆగుతుందా? "నడిమి తీరు కాకా. అప్పడం ఇరిగినట్టు" అన్నాను. కాక ఆలోచనలో పడ్డాడు. "అప్పడం ఇరిగినట్టా... హా, నాక్కూడా గట్లనే కొట్టింది" అన్నాడు. ఆయన కూడా అబద్ధమే చెప్పాడు. ఇద్దరం ఒకరికొకరం రాని చప్పుడు వినిపించుకుని, మహా సంతోషపడ్డాం.

ఇక ఆ అప్పడం చుట్టూ నడిచింది కథంతా. టక్కన్నదంటే కరెంటు వస్తున్నట్టే, వైర్లు చూడనక్కరలేదు. గేజీలు పెట్టాడు. గ్యాసుంది గాని కంప్రెసర్ తోస్తున్నట్టు లేదు, రెండు వైపులా ప్రెజర్ దాదాపు ఒక్క తీరుగా ఉంది. "కంప్రెసర్ పాయె. లోపల పిస్టన్లు అరిగినయి. అందుకే అప్పడం సప్పుడు" అని తేల్చాడు. షాబాద్ అన్న నెత్తి పట్టుకున్నాడు. "ఏడాది గాలె ఉస్తాద్! కొత్త బండి!" కాక ఓదార్చాడు, "మా పిల్ల చెవులతోని ఇన్నది బాబు. ఫికర్ చెయ్యకు." నేను చాయ్ చెప్పడానికని బయటికి పోయాను.

సాయంత్రానికి గ్యాసు తీసి, బోల్టులు విప్పి, కంప్రెసర్‌ను కిందికి దించాడు. చేత్తో తిప్పి చూస్తే ముందరి ప్లేటూ చక్రమూ ఒక్కటై తిరుగుతున్నాయి, విడిగా రావడం లేదు. ఇక దొరికిపోయాననుకుని టార్చిలైట్ పక్కకు తిప్పాను. కాక మాత్రం తల ఊపాడు. "క్లచ్ కాలి అతుక్కున్నది. నువ్విన్నది దాని ఆఖరి టక్ బిడ్డా. పోయే ముందు మనిషి ఒక్క ఊపిరి తీస్తడు సూడు, గట్ల." అంత బాధగా చెప్పాడంటే, ఆ ఇనుప ముద్దను చూసి నాకే ఏడుపొచ్చింది.

తెల్లారి దాన్ని గోనెసంచిలో చుట్టుకుని ఇద్దరం సిటీ బస్సెక్కాం. సిటీలో కంప్రెసర్లు విప్పి బాగుచేసే ఆయన ఒకరున్నారు, కాకకు పాత దోస్తు. నేనెందుకంటే, సాక్షిని. "ఆ సప్పుడెట్లొచ్చిందో నువ్వే చెప్పు, నాకంటె మంచిగ చెప్తవు" అన్నాడు కాక. బస్సులో సంచి నా ఒళ్ళో ఉంది. కండక్టర్ "ఏందమ్మా గా బరువు?" అంటే కాక పక్క సీట్లోంచి "కంప్రెసర్. సచ్చిపోయింది" అన్నాడు. ముందు సీటు ముసలామె వెనక్కి తిరిగి నా మొహం చూసి, "అయ్యో, ఏమైతడు బిడ్డా నీకు?" అంది.

షాపులో దోస్తు సంచి విప్పాడు. చక్రం ఒకసారి తిప్పాడు, మొహం మీదున్న ప్లేటు గోకి చూశాడు. "ఏం కంప్లెంటు?" అన్నాడు.

"టక్కంటున్నది, చల్లగ చేస్తలేదు" అన్నాడు కాక.

"ఏమంటున్నది?"

"టక్కంటున్నది. అప్పడం ఇరిగినట్టు. గదే, మా పిల్లనడుగు."

ఆయన నా వైపు చూశాడు. పక్కన బల్ల దగ్గర పనిచేస్తున్న ఇద్దరు మనుషులు కూడా స్క్రూడ్రైవర్లు ఆపి నా వైపే చూశారు. ఆయన గొంతు చాలా మర్యాదగా ఉంది. "అమ్మా, దీంట్ల క్లచ్చే లేదు. కంపెనీల్నే పెట్టలే. పట్టుకునుడు లేదు, ఇడిసిపెట్టుడు లేదు. ఇంజన్ తిరిగినంతసేపు ఇది తిరుగుతనే ఉంటది. మరి ఆ టక్ నీకు ఏడ ఇనవడ్డది?"

నేను ఖాళీ గోనెసంచిని మడతపెట్టడం మొదలుపెట్టాను, ముందు నాలుగు మడతలు, తర్వాత ఎనిమిది.

పాపం ఆయన నన్ను వదిలేసి కాకకు చెప్పడం మొదలుపెట్టాడు. చాయ్ సాసర్ తీసి బొటనవేలు మీద నిలబెట్టాడు. కంప్రెసర్ లోపల ఇట్లాంటి పళ్ళెం ఒకటుందట, దాని చుట్టూ పిస్టన్లు దాన్ని పట్టుకుని ఉంటాయట. పళ్ళెం తిన్నగా ఉంటే, తిరుగుతున్నా పిస్టన్లు ఉన్నచోట ఉన్నట్టే ఉంటాయి, గ్యాసు పెద్దగా కదలదు. పళ్ళెం వాలితే (సాసర్ వంచి చూపించాడు, అందులోని చాయ్ చుక్క ఆయన చేతి మీద పడింది) పిస్టన్లు అంత దూరం ముందుకీ వెనక్కీ పోతాయి, అంత ఎక్కువ గ్యాసును తోస్తాయి. కారులో వేడి ఎక్కువుంటే ఎక్కువ వాలుతుంది, చల్లబడితే మెల్లగా తిన్నగవుతుంది. ఆగడం, మళ్ళీ మొదలవడం ఉండదు, అందుకే బండి గుంజదు. ఎంత వాలాలో చెప్పేది వేలంత వాల్వు ఒకటి. దానికి రెండు పిన్నుల వైరు వస్తుంది. ఆ వైరులో కరెంటు రాకపోతే పళ్ళెం తిన్నగానే ఉండిపోతుంది. కంప్రెసర్ బంగారంలా తిరుగుతూ ఏ పనీ చెయ్యదు. "అర్థమైంది. సాఫ్ట్‌వేర్ పోరగాండ్ల లెక్క" అన్నాడు కాక. "పొద్దంత తిరుగుతనే ఉంటరు, పని ఎంత చేస్తుండ్రో బయటోనికి తెల్వది." బల్ల దగ్గరివాళ్లు పగలబడి నవ్వారు. కాక మాత్రం నవ్వలేదు.

దోస్తు కంప్రెసర్‌ను తన టెస్టింగ్ బెంచీకి పెట్టి, వాల్వుకు కరెంటు ఇచ్చాడు. చూస్తుండగానే గేజీ ముల్లు లేచింది. "మాల్ మంచిగున్నది. దీనికి ఏం రోగం లేదు. నువ్వు వైరు సూడలేదా ఉస్తాద్? నువ్వెట్ల సూడకుంటివి?" కాక కంప్రెసర్‌ను మళ్ళీ సంచిలో చుట్టి, తానే భుజానికెత్తుకున్నాడు. నన్ను ఎత్తుకోనివ్వలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూచుని బయటకే చూస్తున్నాడు. నేను ఏదో ఒకటి అనాలని, "ఎండ ఎక్కువున్నది కాకా" అన్నాను. "నీకు ఎప్పటినుంచి తెలుసు?" అన్నాడు. ఏమిటని అడిగే ధైర్యం నాకు లేదు. "పండుగ ముందు నుంచి" అన్నాను. "ఇంట్ల?" "అందరికి తెల్సు కాకా." ఆయన తల ఊపాడు, ఎవరో బస్సు ఛార్జీ ఎంతో చెప్పినట్టు. ఊళ్ళు పోతున్నాయి. కాక సంచి ముడి సర్దుకుని అన్నాడు, నా వైపు చూడకుండానే:

"నిన్న నాకు మంచిగనే ఇనవడ్డది బిడ్డా. టక్ లేదు. లేదని నా చెవి చెప్పింది. నీ మాట ఇని నా చెవిని నేనే నమ్మకపోతిని."

ఏడ్చాను. బస్సులో అందరూ చూస్తుండగా, ముక్కు చీదుకుంటూ, గట్టిగా. ఆ మాటలో కోపం ఉన్నా తట్టుకునేదాన్ని. కోపం లేదు. నేను కాపాడాలనుకున్న చెవి ఆ రోజు సరిగ్గానే పనిచేసింది. అది పోయిందని ముందే తీర్పు చెప్పిన మనిషిని నేనే. నేను ‘లేదు’ అని ఉంటే కాక వైర్లు పట్టుకుని వెతికేవాడు, అరగంటలో దొరికేది. దొరికింది కూడా. మధ్యాహ్నం కంప్రెసర్ బిగించి, ఆ రెండు పిన్నుల వైరును పైకి పట్టుకుంటూ పోతే, టేపు చుట్టిన చోట ఎలుక కొరికి ఉంది. షాబాద్ అన్న బండిని రాత్రులు మక్కజొన్నల గోదాం పక్కన పెడతాడు మరి. వైరు అతికాక గ్యాసు నింపి ఏసీ వేస్తే, అద్దాల మీద చెమ్మ పట్టేంత చల్లగా వచ్చింది. షాబాద్ అన్న సంతోషంలో తిట్లన్నీ మరిచిపోయాడనుకున్నాను గాని మరిచిపోలేదు. "ఎలుక ఒక్క వైరు కొరికింది ఉస్తాద్. మీరిద్దరు కలిసి నా బండి బొక్కలు, పేగులు అన్ని ఇప్పిన్రు. చెల్లె, నీకింకా ఏమేం సప్పుళ్ళు ఇనవడ్తయి?" అన్నాడు. కాక నా మీదికి మాట రానివ్వలేదు. "తప్పు నాదే బాబు. పిల్లనేమనకు" అన్నాడు.

ఆయన ఆ వేసవి పూర్తిగా పనిచేశాడు. నోరుజారి కూడా ఎవరితోనూ నా అబద్ధం సంగతి ఎత్తలేదు. కానీ బానెట్ కింద కళ్ళు మూసుకుని నిలబడటం మానేశాడు. గేజీలు, మీటరు పెట్టి చూసేవాడు. వెయ్, తీయ్ అని అరిచేవాడు కాదు, చేత్తో సైగ చేసేవాడు. పాత క్లచ్ బండ్లు వచ్చినా అంతే. ఆయన చెవి ఉన్నదో పోయిందో ఆయనకే తేల్చుకోవాలని లేదనిపించేది. వానలు పడ్డాక ఒక పొద్దున నేను బస్సు దిగి వచ్చేసరికి షటర్ సగం దించి ఉంది, లోపల అన్న సామాను సర్దుతున్నాడు. కాక రేకుల కింద స్టూలు మీద కూచుని గేజీల పైపులు తుడుస్తున్నాడు. "ఎవ్వలు చెప్పలే, నేనే గుంజుతున్న" అన్నాడు నన్ను చూసి, నేను అడగకముందే. అన్న మొహం తిప్పుకున్నాడు. ఇన్నాళ్ళూ అన్న కోరుకుంది అదే గదా, అయినా ఆ రోజు వాడికంటే ఎక్కువ ఎవరూ ఏడవలేదు. నేను గేజీల పెట్టె మూత పట్టుకున్నాను, కాక ఒక్కొక్కటే అందులో పెట్టాడు. ఆ తర్వాత నేను మూడు సీజన్లు బంతిపూలు తెంపాను. పూలకు మాటలు చెప్పుకున్నాను, ఏం చేస్తాను?

ఇప్పుడు చేవెళ్లలో కార్ల సర్వీసింగ్ షాపు ఒకదాంట్లో కౌంటర్ దగ్గర కూచుంటున్నాను. గిరాకీలు "చప్పుడొస్తున్నదా లేదా మేడం?" అని అడిగితే, వినబడితేనే వినబడిందంటాను, లేకపోతే లేదంటాను. దాంతో నాకు మొహమాటం లేదని పేరొచ్చింది. మా మేనేజరు సారు తన కొత్త చొక్కా ఎట్లుందని అడిగి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నెలకోసారి మొయినాబాద్ పోయి కాకను చూసి వస్తాను. అన్న కొనిచ్చిన చెవి మిషన్ టీవీ మీద డబ్బాలోనే ఉంది, కాక దాన్ని పెట్టుకోడు. నేను పక్కన కూచుని మా సారు సంగతి, మా అత్త సంగతి, పిల్లల ఫీజుల సంగతి అన్నీ చెప్తాను. ఆయన నా మొహమే చూస్తూ సరైన చోట తల ఊపుతాడు, సరైన చోట నవ్వుతాడు. మధ్యలో "ఇంటున్నవా కాకా?" అంటే, "ఇంటున్న బిడ్డా, చెప్పు" అంటాడు. మొన్న చిన్నమ్మ నన్ను గడప దాకా సాగనంపుతూ మెల్లగా చెప్పింది, "ఆయనకు ఒక్క ముక్క ఇనవడది బిడ్డా. నువ్వొచ్చినవంటే సంబురం, గంతే" అని. నాకు తెలియదా? ముప్పై ఏళ్ళొచ్చాయి, ఇద్దరు పిల్లల తల్లిని. నా మాట వినని మనిషి ఎట్లుంటాడో నా ఇంట్లో రోజూ చూస్తున్నాను, మా ఆయన కూడా సరైన చోట తల ఊపుతాడు. కానీ కాక నేను చెప్తున్నంతసేపూ నా మొహం నుంచి కళ్ళు తిప్పడు. అందుకే వచ్చే నెల మళ్ళీ పోతాను. వీధి వీధంతా వినబడేలా అన్నీ చెప్పి వస్తాను.